వెరిఫై, కన్ఫర్మ్, వాలిడేట్, సర్టిఫై: ఎక్కడ ఏది రాయాలి? తరచుగా అడిగే ప్రశ్నలు

గోదావరి డెల్టాలో ఇంగ్లీషు కాగితం రాయాల్సిన అవసరం చాలామందికి పడుతుంది. రొయ్యల ప్లాంటులో క్వాలిటీ రిపోర్టు రాసేవాళ్లు, గల్ఫ్ ఉద్యోగానికి సర్టిఫికెట్లు పంపేవాళ్లు, కొబ్బరి వ్యాపారి దగ్గర మెయిల్స్ చూసేవాళ్లు, డిగ్రీ పిల్లలు, వీళ్లందరూ ఎక్కువగా అడిగే ప్రశ్నలివి. ఉదాహరణలన్నీ ఇక్కడి పనుల్లోంచే తీసుకున్నాం. మాటలకు అర్థాలు మాత్రం ఇంగ్లీషువాళ్లు వాడేవే.

అన్నిటికీ తెలుగులో ‘ధ్రువీకరించు’ అనే రాస్తాం కదా, ఇంగ్లీషులో ఇన్ని మాటలెందుకు?

నిఘంటువు తెరిస్తే అలాగే కనిపిస్తుంది. వెరిఫై చూసినా, కన్ఫర్మ్ చూసినా, సర్టిఫై చూసినా ‘ధ్రువీకరించు’, ‘నిర్ధారించు’ అనే రెండు మాటలే తిరిగి తిరిగి వస్తాయి. చిక్కంతా అక్కడే మొదలవుతుంది. కానీ మనం మాట్లాడే తెలుగు అంత పేదది కాదు. ‘నిర్ధారించు’, ‘నిర్ధారించుకో’ ఒకటేనా? ‘ఖాయం చెయ్యి’, ‘ఖాయం చేసుకో’ ఒకటేనా? చివర ‘కొను’ చేరితే పని మన కోసం: మన అనుమానం మనం తీర్చుకుంటున్నాం. అది లేకపోతే ఎదుటివారి కోసం: తేలిన మాట చెబుతున్నాం, దానికి పూచీ పడుతున్నాం.

ఇంగ్లీషులో ఈ ‘కొను’ లేదు. ఆ తేడాని వేరువేరు క్రియలు మోస్తాయి. సరిచూసుకోవడం చెక్, వెరిఫై. వాకబు చేసి తెలుసుకోవడం అసర్టెయిన్. రూఢి చేసుకోవడం మేక్ ష్యూర్. ఇక అవతలి వైపు, ఖాయమని చెప్పడం కన్ఫర్మ్. అధికారంతో రాసివ్వడం సర్టిఫై. సాక్షిగా సంతకం పెట్టడం అటెస్ట్. అందుకని ఇంగ్లీషు వాక్యం రాసేముందు అదే మాట తెలుగులో అనుకోండి, క్రియ చివర ‘కొను’ వచ్చిందో లేదో చూడండి. సగం తప్పులు అక్కడే ఆగిపోతాయి. కన్ఫర్మ్ ఒక్కటీ రెండు వైపులా తిరుగుతుంది. దాని సంగతి కింద విడిగా చెప్పాం.

చెక్‌కీ వెరిఫైకీ తేడా ఏమిటి?

రొయ్యల చెరువు గట్టు మీదకి వెళ్తే రెండూ కళ్లకు కడతాయి. మేత వేశాక చెరువులో దించే పళ్లేన్ని చెక్ ట్రే అంటారు. రెండు గంటలకు పైకి లాగి మేత మిగిలిందా, రొయ్య పేగు నిండుగా ఉందా అని చూస్తారు. ఏం కనిపిస్తుందో ముందు తెలియదు, ఎవరూ ఏమీ చెప్పలేదు. ఊరికే చూడటమే. అది చెక్. ఆ పళ్లేన్ని వెరిఫై ట్రే అని ఎవరూ అనరు, అనకూడదు కూడా.

పట్టుబడి రోజున రైతు “నలభై కౌంట్” అంటాడు, అంటే కిలోకి నలభై రొయ్యలు. కొనేవాడు ఒక కిలో తూచి లెక్కపెడతాడు. ఇక్కడ ఒక మాట ముందే ఉంది, దాన్ని నిగ్గు తేల్చే కొలత ఉంది. అది వెరిఫై. లెక్కలో నలభై మూడు వస్తే ఆ మాట నిలవలేదు. లాటిన్‌లో వేరస్ అంటే నిజం, వెరిఫై పుట్టింది అందులోంచే.

మాట ముందే ఉంటే వెరిఫై రాయండి, లేకపోతే చెక్ రాయండి. “చెక్ ద వాటర్ లెవెల్” సరైనది. “వెరిఫై ద వాటర్ లెవెల్” అని రాస్తే, ఫలానా మట్టం ఉందని ఎవరో ముందే చెప్పినట్టు అర్థం వస్తుంది. సందేహంగా ఉంటే చెక్ వాడటమే క్షేమం. అది చిన్న మాటే అయినా చులకన మాట కాదు.

మరి కన్ఫర్మ్ ఎక్కడ వస్తుంది?

వెరిఫై అయ్యాక వస్తుంది. వరద రోజుల్లో లంక గ్రామాల్లో జరిగేది చూడండి. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక 11.75 అడుగులకి ఇస్తారు, రెండోది 13.75కి, మూడోది 17.75కి. “రెండో హెచ్చరిక దాటేసింది” అని వాట్సాప్‌లో ఒక ముక్క వస్తుంది. అది నిజమో కాదో తెలుసుకోవడానికి అధికారుల బులెటిన్ తీసి నీటిమట్టం చూస్తారు. ఆ చూడటం వెరిఫై. “అవును, 13.75 దాటింది” అని అధికారి ప్రకటిస్తే ఆయన కన్ఫర్మ్ చేసినట్టు.

ఇంకో తేడా కూడా ఉంది. వెరిఫై చేస్తే జవాబు ఎటైనా రావచ్చు, మాట తప్పని కూడా తేలవచ్చు. కన్ఫర్మ్ మాత్రం ఎప్పుడూ ‘అవును’ వైపే. కాన్ అనే ఉపసర్గ, ఫర్మారే అంటే గట్టిపరచడం. ఉన్న మాటని గట్టిపరుస్తుందే గాని పడగొట్టదు. అందుకే “వీ కన్ఫర్మ్‌డ్ అండ్ ఫౌండ్ ఇట్ రాంగ్” అనే వాక్యం ఇంగ్లీషు చెవికి మింగుడుపడదు. గట్టిపరిచి, తప్పని కనుక్కున్నాం అన్నట్టు ఉంటుంది.

‘టికెట్ కన్ఫర్మ్ అయ్యింది’ అంటాం. అందులో నిజం, అబద్ధం ఎక్కడుంది?

అక్కడ లేదు. కన్ఫర్మ్‌కి రెండో అర్థం ఖరారు కావడం. సంక్రాంతికి నరసాపురం రైలుకి వెయిటింగ్ లిస్టులో ఉన్న టికెట్ ఖరారైతే కన్ఫర్మ్. ప్రొబేషన్ పూర్తయి ఉద్యోగం ఖాయమైతే కన్ఫర్మ్. వీటిల్లో వెరిఫై ఇమడదు. “మై టికెట్ ఈజ్ వెరిఫైడ్” అంటే టీసీ వచ్చి చూసి వెళ్లాడని అర్థం.

‘ప్లీజ్ కన్ఫర్మ్ మీ’ అని రాస్తున్నాం. తప్పా?

తప్పే. మన ఆఫీసు మెయిల్స్‌లో అన్నిటికంటే ఎక్కువగా కనిపించే తప్పు ఇదే. ఇన్ఫార్మ్ మీ అనవచ్చు గనక కన్ఫర్మ్ మీ కూడా అనవచ్చనుకుంటాం. ఇన్ఫార్మ్ పక్కన మనిషి కూర్చుంటాడు. కన్ఫర్మ్ పక్కన విషయం మాత్రమే కూర్చుంటుంది. “ప్లీజ్ కన్ఫర్మ్ ద డేట్” అని రాస్తే చాలు. క్రైస్తవ సంప్రదాయంలో ఒక మనిషిని కన్ఫర్మ్ చేయడం అనే క్రతువు ఉంది, కాబట్టి ‘కన్ఫర్మ్ మీ’ చదివిన విదేశీయుడికి నిజంగానే వేరే అర్థం తోచవచ్చు.

మనిషిని చెప్పాల్సి వస్తే మధ్యలో ‘టు’ గాని ‘విత్’ గాని పెట్టాలి. కన్ఫర్మ్ రెండు వైపులా తిరుగుతుందన్నది ఇక్కడే. “కన్ఫర్మ్ ఇట్ టు ద మేనేజర్” అంటే ఖాయమని మేనేజర్ గారికి చెప్పు. “కన్ఫర్మ్ ఇట్ విత్ ద మేనేజర్” అంటే మేనేజర్ గారిని అడిగి ఖాయం చేసుకో. తెలుగులో ‘కొను’ చేసే పని ఇంగ్లీషులో ఆ చిన్న ‘విత్’ చేస్తోంది. రెండూ తారుమారైతే, అడగాల్సినవాడు చెప్పేసి వస్తాడు. సరుకు లోడయ్యే రోజున అది చిన్న పొరపాటు కాదు.

అక్నాలెడ్జ్ రాస్తే ఒప్పుకున్నట్టేనా?

మెయిల్ అందిందని రాస్తే కాదు. మన పక్క పెద్దవాళ్లు ఏదైనా చెబితే “ఆయ్” అంటాం. విన్నానండి అని దానికి అర్థం, చెప్పినదంతా నిజమని పూచీ పడటం కాదు. “వీ అక్నాలెడ్జ్ రిసీట్ ఆఫ్ యువర్ మెయిల్” అన్నదీ అంతే, మెయిల్ అందింది, అక్కడితో సరి. మీసేవలో దరఖాస్తు ఇచ్చాక చేతికొచ్చే అక్నాలెడ్జ్‌మెంట్ కూడా కాగితం తీసుకున్నామని చెబుతుందే గాని, పని అయిందని చెప్పదు. ఒక జాగ్రత్త: “ఐ అక్నాలెడ్జ్ మై మిస్టేక్” అన్నప్పుడు మాత్రం ఒప్పుకోవడమే.

వాలిడేట్, వెరిఫై రెండూ ఒకటేనని కొందరంటారు. నిజమేనా?

కాదు. బ్యాంకు వివరాలు టైపు చేసేటప్పుడు ఈ తేడా బాగా తెలుస్తుంది. ఐఎఫ్ఎస్‌సీ కోడ్‌లో 11 అక్షరాలుంటాయి. మొదటి నాలుగు బ్యాంకువి, ఐదోది ఎప్పుడూ సున్నా, మిగతా ఆరు బ్రాంచివి. ఐదో చోట సున్నాకి బదులు ఇంగ్లీషు ‘O’ అక్షరం కొడితే కంప్యూటర్ వెంటనే ఎర్రగీత చూపిస్తుంది. అది వాలిడేట్: రూపం నియమానికి సరిపోయిందా, లేదా? ఆధార్ కూడా ఇంతే. 12 అంకెల్లో చివరిది మిగతా పదకొండింటి నుంచి లెక్కకట్టిన అంకె. అందువల్ల ఒక్క అంకె తప్పు కొట్టినా, పక్కపక్క అంకెలు అటూ ఇటూ అయినా పట్టుబడుతుంది.

కోడ్ నియమానికి సరిపోయినంత మాత్రాన ఆ ఖాతా మీరు డబ్బు పంపాలనుకున్న మనిషిదే అని తేలదు. ఖాతాదారు పేరు చూసుకోవడం వెరిఫై. వాలిడేట్ అయింది కదా అని నొక్కేసి, డబ్బు వేరే ఖాతాలో పడ్డాక తల పట్టుకునేవాళ్లు ఈ రెండిటి మధ్యనే జారిపోతారు.

రొయ్యల ప్లాంటులో హాసప్ కాగితాల్లో రెండూ వస్తాయి. అక్కడ ఏది ఏమిటి?

భీమవరం, కాకినాడ చుట్టుపక్కల ప్లాంట్లలో పనిచేసేవాళ్లు ఎక్కువగా తడబడేది ఇక్కడే, అందుకే కాస్త వివరంగా చెబుతున్నాం. హాసప్ అంటే ఆహారంలో రాగల ప్రమాదాల్ని తయారీలోనే పసిగట్టి అడ్డుకునే పద్ధతి, అందులో ఏడు సూత్రాలున్నాయి. 2020లో అంతర్జాతీయ ఆహార ప్రమాణాల సంస్థ కోడెక్స్ సవరించిన పాఠంలో ఆరో సూత్రం వాలిడేట్, వెరిఫికేషన్, కన్ఫర్మ్ మూడిటినీ ఒకే వాక్యంలో, మూడు వేరు అర్థాల్లో వాడింది. ముందు ప్రణాళికని వాలిడేట్ చేయాలి, తర్వాత వెరిఫికేషన్ పద్ధతులు పెట్టుకోవాలి, వాటితో వ్యవస్థ అనుకున్నట్టే నడుస్తోందని కన్ఫర్మ్ చేయాలి.

ప్లేట్ ఫ్రీజర్‌నే తీసుకోండి. రొయ్యల బ్లాకు నడిమధ్యన మైనస్ 18 డిగ్రీలకి దిగాలి. మనం పెట్టుకున్న నిమిషాల్లో ఈ ఫ్రీజర్, ఈ మందం బ్లాకుని అంత చల్లబరచగలదా అని పని మొదలుపెట్టకముందే రుజువు చేసుకోవడం వాలిడేషన్. తర్వాత ప్రతి బ్యాచ్‌కీ ఉష్ణోగ్రత చూసి రాయడం మానిటరింగ్. ఆ రాసినవి నమ్మదగ్గవేనా అని మరొకరు తిరిగి చూడటం వెరిఫికేషన్. రిజిస్టర్లు పరిశీలించడం, థర్మామీటర్ సరిచూడటం ఇందులోకే వస్తాయి.

థర్మామీటర్ని ఇలా సరిచూస్తారు. మంచుని మెత్తగా దంచి గ్లాసు నిండా వేసి, సందులు నిండేంత శుభ్రమైన నీళ్లు పోసి కలపాలి. థర్మామీటర్ పుల్లని గ్లాసు అడుగుకీ గోడకీ తగలకుండా మధ్యలో ఉంచి, అంకె నిలిచేదాకా ఆగాలి. సున్నా చూపించాలి. రెండు చూపిస్తే ఆ థర్మామీటర్ మీద కిందటిసారి సరిచూసినప్పటి నుంచి రాసిన లెక్కలన్నీ అనుమానంలో పడతాయి. దీన్ని రిపోర్టులో “థర్మామీటర్ వాలిడేటెడ్” అని రాస్తే ఆడిటర్ ఆగి ప్రశ్న వేస్తాడు. రాయాల్సింది “వెరిఫైడ్ ఎగెనెస్ట్ ఐస్ పాయింట్” అని. కొలతతో పోల్చినప్పుడు ‘ఎగెనెస్ట్’ రావాలి, మనిషిని అడిగినప్పుడు ‘విత్’ రావాలి.

ల్యాబ్‌లోనూ ఇదే. అందరూ వాడే ప్రామాణిక పద్ధతిని మన ల్యాబ్‌లో సరిగా చేయగలమని చూపడం వెరిఫికేషన్. కొత్త పద్ధతి తయారు చేసుకున్నా, ఉన్నదాన్ని మార్చుకున్నా వాలిడేషన్ కావాలి. ఐఎస్ఓ 17025 ప్రమాణం 2017 కూర్పు ఈ రెండిటినీ విడదీసే చెబుతుంది.

యాంటీబయాటిక్ పరీక్షలో ‘కన్ఫర్మేటరీ టెస్ట్’ అంటారు. మొదటి పరీక్ష సరిపోదా?

మొదట చేసే ఎలీసా పరీక్ష జల్లెడ లాంటిది. నైట్రోఫ్యురాన్ల వంటి నిషిద్ధ మందుల జాడ ఉండవచ్చని అనుమానం వేస్తుంది. ఆ అనుమానాన్ని ఎల్‌సీ–ఎంఎస్/ఎంఎస్ యంత్రం మీద గట్టిపరుస్తారు. ముందున్న మాటని గట్టిపరిచేది గనక కన్ఫర్మేటరీ. ఎలీసా ఒక్కటే అయినప్పుడు “కన్ఫర్మ్‌డ్ పాజిటివ్” అని రాయకండి, “సస్పెక్ట్” అని రాయండి. ఆ ఒక్క మాట తేడాతో ఒక రైతు పంట మీద మచ్చ పడుతుంది.

సర్టిఫై ఎవరైనా చేయవచ్చా?

అధికారం ఉన్నవాళ్లే చేయాలి. వరి విత్తన సంచికి కుట్టిన ట్యాగు చూడండి. పసుపు రంగుది బ్రీడర్ విత్తనం, తెల్లది ఫౌండేషన్, నీలం రంగుది సర్టిఫైడ్. మార్టేరు పరిశోధన కేంద్రం ఇచ్చిన స్వర్ణ, అంటే ఎంటీయూ 7029, నీలం ట్యాగుతో వచ్చిందంటే కనీసం 80 శాతం మొలక, 98 శాతం శుద్ధత ఉన్నాయని విత్తన ధ్రువీకరణ సంస్థ పూచీ పడినట్టు. పక్క రైతు “మంచి విత్తనమే, నాదీ పూచీ” అంటే అది వౌచ్, తన మాట మీద, తన పరువు మీద నిలబడటం. ఆ మాటకీ విలువుంది, కానీ అది సర్టిఫై కాదు.

ఆ నీలం ట్యాగు గడువు పరీక్ష జరిగిన నాటి నుంచి తొమ్మిది నెలలు. గడువు తీరిన విత్తనాన్ని మళ్లీ పరీక్షించి, నిలబడితే ఆరు నెలలు పొడిగిస్తారు. దాన్ని రీవాలిడేషన్ అంటారు, రీసర్టిఫికేషన్ అనరు.

మామూలు ఉత్తరంలో “ఐ సర్టిఫై దట్ ఐ విల్ కమ్ ఆన్ మండే” అని రాయకూడదు. జరగబోయేదాన్ని ఎవరూ సర్టిఫై చేయలేరు.

అటెస్టేషన్ అయితే సర్టిఫికెట్‌లో ఉన్నదంతా నిజమని తేలినట్టేనా?

కోనసీమ నుంచి గల్ఫ్ వెళ్లేవాళ్లు ఇది బాగా అర్థం చేసుకోవాలి. దుబాయ్ ఉద్యోగానికి డిగ్రీ కాగితం మీద ముందు రాష్ట్ర స్థాయిలో ముద్ర పడాలి, తర్వాత విదేశాంగ శాఖది, ఆపైన యూఏఈ రాయబార కార్యాలయానిది. ఒక్కొక్క ముద్రా తన కింద ఉన్న సంతకం, ముద్ర అసలైనవేనని సాక్ష్యం చెబుతుంది. లాటిన్‌లో టెస్టిస్ అంటే సాక్షి. ఒమన్, బహ్రెయిన్ లాగా అపోస్టీల్ ఒప్పందంలో ఉన్న దేశాలకి ఒక్క అపోస్టీల్ ముద్ర సరిపోతుంది. భారత్‌కి ఆ ఒప్పందం 2005 నుంచి వర్తిస్తోంది. అదీ సంతకం గురించే మాట్లాడుతుంది, లోపలి మార్కుల గురించి కాదు. మార్కులు నిజమేనా అని కంపెనీ నేరుగా యూనివర్సిటీని అడగడాన్ని వెరిఫికేషన్ అంటారు. రెండూ అడిగారంటే రెండూ కావాలనే, ఒకటి చేసి రెండోది అయిపోయిందనుకోకండి.

సెల్ఫ్ అటెస్టెడ్ అంటే జిరాక్సు అసలుకి నకలేనని మీరే సాక్షి సంతకం పెట్టడం.

అథెంటికేషన్ ఫెయిల్డ్ అని వచ్చింది. వివరాలు తప్పనా?

కానక్కర్లేదు. అథెంటికేట్ అంటే అసలుదేనా, ఆ మనిషేనా అని తేల్చడం. కొబ్బరి పీచు పని చేసే చేతులకి వేలిముద్ర గీతలు అరిగిపోతాయి. యంత్రానికి పోలిక దొరకదు, ఫెయిల్డ్ అంటుంది. పోలిక కుదరలేదనే దానికి అర్థం, మనిషి అబద్ధమని కాదు. ఫిర్యాదు రాసేటప్పుడు “మై డీటెయిల్స్ ఆర్ రాంగ్” అని రాసేస్తున్నారు, అలా రాయకండి. “ఫింగర్‌ప్రింట్ అథెంటికేషన్ ఫెయిల్డ్” అని ఉన్నది ఉన్నట్టు రాయండి.

కొరాబొరేట్, సబ్‌స్టాన్షియేట్?

కొరాబొరేట్‌కి రెండో సాక్ష్యం కావాలి, అది మొదటిదాని మీద ఆధారపడకూడదు. ఒకే వరద మెసేజ్ పది గ్రూపుల్లో తిరిగితే పది సాక్ష్యాలు కావు. పక్క లంకలో ఉన్న మనిషి తన కళ్లతో చూసి చెబితే అది కొరాబొరేట్. సబ్‌స్టాన్షియేట్ మాట అన్నవాడి బాధ్యత: పంట నష్టపోయానంటే దానికి ఫొటోలు, బిల్లులు చూపించాలి.

అసర్టెయిన్ ఎప్పుడు?

ఏమీ తెలియని చోటు నుంచి వాకబు చేసి తేల్చుకునేటప్పుడు: “టు అసర్టెయిన్ ద కాజ్ ఆఫ్ మోర్టాలిటీ”. ఆఫీసు భాషకే పరిమితం, మాటల్లో ఫైండ్ అవుట్ చాలు. గట్టిగా చెప్పడం అనే అర్థంలో ఉండే అసర్ట్‌తో కలిపేయకండి.

ఎన్ష్యూర్, అష్యూర్ ఎప్పుడూ కలిసిపోతున్నాయి.

అష్యూర్ పక్కన మనిషి ఉండాలి: “ఐ అష్యూర్ యూ”, భరోసా ఇవ్వడం. ఎన్ష్యూర్ పక్కన పని ఉండాలి: “ఎన్ష్యూర్ దట్ ద ఏరేటర్స్ ఆర్ రన్నింగ్”, ఆగకుండా తిరిగేలా చూడటం. మేక్ ష్యూర్‌కి రెండు అర్థాలూ ఉన్నాయి: అలా జరిగేలా చూడు, జరిగిందో లేదో చూసుకో.

దట్ రాయాలా, వెదర్ రాయాలా?

జవాబు తెలియకపోతే వెదర్, ‘అవును’ అనే నమ్మకం ఉంటే దట్. “వెరిఫై వెదర్ ద సీల్ ఈజ్ ఇంటాక్ట్” అంటే ఉందో లేదో చూడు. ఎదుటివారిని అడిగేటప్పుడు “ప్లీజ్ కన్ఫర్మ్ వెదర్” కుదురుతుంది. మనమే చెప్పేటప్పుడు “వీ కన్ఫర్మ్ వెదర్” కుదరదు. చెప్పేవాడు ఏదో ఒకటి చెప్పాలి కదా.

ఒక మెయిల్ దిద్ది చూపిస్తారా?

ఇలాంటి మెయిల్ రోజూ కనిపిస్తుంది: “వీ కన్ఫర్మ్‌డ్ ద కౌంట్ అండ్ ఫౌండ్ ఇట్ రాంగ్. ప్లీజ్ కన్ఫర్మ్ మీ యువర్ న్యూ బ్యాంక్ డీటెయిల్స్. వీ సర్టిఫై దట్ ద కంటైనర్ విల్ రీచ్ వైజాగ్ ఆన్ ఫ్రైడే. కైండ్లీ అక్నాలెడ్జ్ ఫర్ అవర్ న్యూ రేట్.”

మొదటి వాక్యంలో కన్ఫర్మ్ తీసేసి చెక్‌డ్ పెట్టాలి, ముందే చెప్పిన కౌంట్ గనక వెరిఫైడ్ అన్నా తప్పు కాదు. మూడోది జరగబోయేది గనక సర్టిఫై నిలవదు, ఎక్స్‌పెక్ట్ కావాలి. నాలుగోదానికి అక్నాలెడ్జ్ వస్తే చదివామనే అర్థం, రేటుకి ఒప్పుకోవాలంటే కన్ఫర్మ్ అడగాలి. రెండో వాక్యంలో వ్యాకరణం కంటే పెద్ద ప్రమాదం ఉంది. ఖాతా మారిందంటూ దొంగ మెయిల్ వచ్చినప్పుడు, అదే మెయిల్‌కి జవాబిచ్చి కన్ఫర్మ్ చేయమంటే దొంగే కన్ఫర్మ్ చేస్తాడు. అక్కడ కావాల్సింది వెరిఫై, అదీ ఇదివరకే మన దగ్గరున్న ఫోన్ నంబరుకి చేసి. దిద్దాక ఇలా ఉంటుంది:

“వీ చెక్‌డ్ ద కౌంట్ అండ్ ఫౌండ్ 43 పీసెస్ పర్ కేజీ, నాట్ 40. వీ విల్ వెరిఫై యువర్ న్యూ బ్యాంక్ డీటెయిల్స్ విత్ యూ బై ఫోన్ బిఫోర్ పేయింగ్. వీ ఎక్స్‌పెక్ట్ ద కంటైనర్ టు రీచ్ వైజాగ్ ఆన్ ఫ్రైడే. ప్లీజ్ కన్ఫర్మ్ దట్ యూ యాక్సెప్ట్ ద న్యూ రేట్.”